టచ్ మోడ్ పెడితే కౌంటర్‌కి సుఖం, అకౌంట్స్‌కి కష్టం: ఈ సెట్టింగ్ ఎవరి చేతిలో ఉండాలి?

రవళి_డబ్ల్యూపీఎఫ్

మాది స్వీట్ షాపులు, బేకరీలు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ యాప్‌లు రాసే మైక్రోసాఫ్ట్ టూల్‌కిట్) రాసింది, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడుస్తుంది. కింద కౌంటర్లో 15 అంగుళాల టచ్ స్క్రీన్ ఉంటుంది. పై అంతస్తులో అకౌంట్స్ గదిలో మామూలు మానిటర్, కీబోర్డ్, మౌస్. రెండు చోట్లా ఒకటే అప్లికేషన్.

సెట్టింగ్స్‌లో "టచ్ మోడ్" అని ఒక టిక్కు ఉంది. అది పెట్టగానే మేం కొన్న కంట్రోల్ సెట్‌లోని (రెడీమేడ్‌గా అమ్మే స్క్రీన్ భాగాలు) బటన్లు, గ్రిడ్ (పట్టిక) వరసలు, మెనూలు, స్క్రోల్‌బార్లు అన్నీ ఒక్కసారిగా పెద్దవైపోతాయి. కౌంటర్లో అది వరమే. కానీ కౌంటర్లో కూర్చునే అమ్మాయే షాపు కట్టేశాక పైకెళ్లి స్టాక్ ఎంట్రీ చేస్తుంది. సెట్టింగ్ లాగిన్ వెంటే వెళ్తుంది కాబట్టి పైన కూడా అవే లావు వరసలు. ఒక్క చూపులో కనబడాల్సిన సరుకు జాబితా కోసం కిందికీ పైకీ తిప్పుతూ కూర్చోవాలి. పోనీ యాప్ తనే కనిపెట్టుకుంటుందిలే అని ఆటోమేటిక్ పెడితే, ఓనర్ గారి లాప్‌టాప్‌కి టచ్ స్క్రీన్ ఉంది. ఆయన దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు, ఎప్పుడూ మౌసే. అయినా ఆయనకి టచ్ మోడే వస్తోంది.

ఇంకో రెండు తలనొప్పులు. గ్రిడ్‌ని వేలితో పైకి తోస్తే జరగకుండా వరసలు సెలెక్ట్ అవుతున్నాయి. పరిమాణం పక్కనున్న ప్లస్ బటన్‌ని మౌస్‌తో నొక్కి పట్టుకుంటే 1, 2, 3 అని పెరుగుతుంది. వేలితో పట్టుకుంటే కదలదు. కాసేపటికి ఒక చదరపు గుర్తు వస్తుంది, వేలు తీయగానే రైట్ క్లిక్ మెనూ తెరుచుకుంటుంది.

సెట్టింగ్‌ని యూజర్‌కి కట్టాలా, మెషిన్‌కి కట్టాలా, యాప్‌కే వదిలేయాలా? మీ దగ్గర ఎలా చేశారో చెప్పండి.

బైట్_బాబాయ్

మెషిన్‌కి కట్టండి. మనిషి ఎవరైనా స్క్రీన్ మారదు కదా.

యూఎక్స్_మాధవి

బాబాయ్ గారి మాట సగానికి సరిపోతుంది. మిగతా సగం ఏంటంటే, ఆ ఒక్క టిక్కు కింద రెండు వేర్వేరు పనులు కలిపేశారు. సైజు ఒకటి, ప్రవర్తన ఇంకొకటి.

సైజు అంటే బటన్ ఎంత ఎత్తు, వరసకీ వరసకీ మధ్య ఎంత ఖాళీ అన్నది. అది ముందే నిర్ణయించి పెట్టుకునే విషయం. పని మధ్యలో మారకూడదు. ప్రవర్తన అంటే తోస్తే స్క్రోల్ అవ్వాలా సెలెక్ట్ అవ్వాలా, నొక్కి పట్టుకుంటే ఏం జరగాలి, టూల్‌టిప్ ఎప్పుడు చూపించాలి అన్నవి. వీటికి సెట్టింగే అక్కర్లేదు. ఇప్పుడు వచ్చిన ఈవెంట్ (నొక్కడం, కదపడం జరిగినప్పుడు యాప్‌కి అందే కబురు) వేలిదా మౌస్‌దా అన్నది ఆ ఈవెంటే చెబుతుంది. వేలైతే వేలి లెక్క, మౌసైతే మౌస్ లెక్క.

ఆఫీస్ 2013 చూడండి. క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో టచ్/మౌస్ మోడ్ అని ఒక బటన్ ఇచ్చారు. టచ్ ఎంచుకుంటే రిబ్బన్ మీద బటన్ల మధ్య ఖాళీ పెరుగుతుంది. మౌస్ మోడ్‌లో ఉన్నా వేలితో పేజీని తోస్తే జరుగుతూనే ఉంటుంది. ఆ బటన్ పని కేవలం ఖాళీ పెంచడం, తగ్గించడం. మీరూ ఆ టిక్కుని "వరసల ఎత్తు: సాధారణం / పెద్దది" అని మార్చేసి, ప్రవర్తనని దాన్నుంచి పూర్తిగా విడదీయండి.

బైట్_బాబాయ్

మాధవి గారూ, విడదీయమనడం తేలికే. కొన్న కంట్రోల్ సెట్‌లో ఆ రెండూ ఒకే ప్రాపర్టీకి (కోడ్‌లో మార్చుకునే సెట్టింగ్) కట్టేసి ఉంటే?

యూఎక్స్_మాధవి

ఉంటే ఆ ప్రాపర్టీని ఆఫ్ చేసేసి, సైజుని మన స్టైల్ డిక్షనరీ (రూపురేఖలన్నీ ఒకచోట రాసుకునే ఫైల్) నుంచి ఇచ్చుకోవాలి. పని ఎక్కువే, కాదనను. ఒకసారి చేసుకుంటే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు.

హెక్స్_హరి

ముందు ఆ రెండు తలనొప్పులు తీర్చేద్దాం.

గ్రిడ్ సంగతి: గ్రిడ్ టెంప్లేట్ లోపల ఒక స్క్రోల్‌వ్యూయర్ (స్క్రోల్ చేయించే భాగం) ఉంటుంది. దానికి "ప్యానింగ్‌మోడ్" అనే ప్రాపర్టీ ఉంది, డిఫాల్ట్ విలువ "నన్". అలా ఉన్నప్పుడు వేలి కదలికని ఎవరూ పట్టించుకోరు. చివరికి అది మౌస్ ఈవెంట్‌గా మారుతుంది, గ్రిడ్‌కి మౌస్ డ్రాగ్‌లా కనబడుతుంది, అందుకే వరసలు సెలెక్ట్ అవుతున్నాయి. "బోత్" గానీ "వర్టికల్‌ఓన్లీ" గానీ పెట్టండి, వేలితో తోస్తే జరుగుతుంది. మౌస్ ప్రవర్తన ఏమీ మారదు. పనిలో పనిగా వర్చువలైజింగ్‌ప్యానెల్‌లో "స్క్రోల్‌యూనిట్"ని "పిక్సెల్" చేయండి. లేదంటే వరస వరసగా గెంతుతుంది, వేలి కింద అది చికాకుగా ఉంటుంది.

ఇంకొకటి వెంటనే ఎదురవుతుంది. జాబితా చివరికి వెళ్లాక ఇంకా తోస్తే విండో మొత్తం కాస్త జరిగి వెనక్కి వస్తుంది. చూసినవాళ్లు స్క్రీన్ ఊగుతోందని ఫోన్ చేస్తారు. "మానిప్యులేషన్‌బౌండరీఫీడ్‌బ్యాక్" ఈవెంట్‌ని పట్టుకుని "హ్యాండిల్డ్" ట్రూ చేస్తే ఆగిపోతుంది.

ప్లస్ బటన్ సంగతి: ఆ చదరపు గుర్తు ప్రెస్ అండ్ హోల్డ్ సంజ్ఞది. వేలు నొక్కగానే మౌస్‌డౌన్ వెంటనే రాదు. ఇది రైట్ క్లిక్ అవుతుందా మామూలు క్లిక్ అవుతుందా అని తేలేదాకా, అంటే వేలు తీసేదాకానో కదిలేదాకానో ఆగుతుంది. రిపీట్‌బటన్‌కి (నొక్కి పట్టుకుంటే పదేపదే పనిచేసే బటన్) మౌస్‌డౌనే అందకపోతే అది ఏం రిపీట్ చేస్తుంది? ఆ బటన్ మీద "స్టైలస్.ఈజ్‌ప్రెస్‌అండ్‌హోల్డ్‌ఎనేబుల్డ్" ఫాల్స్ పెట్టండి. బిల్లు స్క్రీన్‌లో అన్ని బటన్లకీ పెట్టినా మంచిదే. నొక్కగానే బటన్ రంగు మారడం కూడా అప్పుడే సరిగా కనబడుతుంది. రంగు మారకపోతే జనం రెండోసారి నొక్కుతారు, బిల్లులో కాజా రెండుసార్లు పడుతుంది.

రవళి_డబ్ల్యూపీఎఫ్

హరి అన్నా, కాజా మాట అక్షరాలా నిజం. రెండుసార్లు పడ్డ ఐటమ్ గురించి షాపుల నుంచి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. స్కానర్ వల్లేమో అనుకుని అటు వెతుకుతున్నాం. రేపు ఈ ప్రాపర్టీ పెట్టి చూస్తాను.

పెద్దబటన్_పార్టీ

ఇంత తతంగం ఎందుకు? అన్నీ పెద్దగా పెట్టేయండి. పెద్ద బటన్‌ని మౌస్‌తో నొక్కడం ఇంకా తేలిక, ఎవరికీ నష్టం లేదు. 1954లోనే పాల్ ఫిట్స్ చెప్పారు, గురి పెద్దదైతే చేరడానికి పట్టే సమయం తగ్గుతుందని. ఒకే డిజైన్, ఒకే టెస్టింగ్, సెట్టింగే వద్దు.

అకౌంట్స్_అనసూయ

నేను కోడ్ రాసేదాన్ని కాదు, ఇలాంటి సాఫ్ట్‌వేర్ల మీద రోజంతా కూర్చునేదాన్ని. పెద్దబటన్ గారూ, నష్టం ఎవరికీ లేదనకండి, మాకుంది.

నెలాఖరుకి సరఫరాదారు స్టేట్‌మెంట్‌ని మా లెడ్జర్‌తో సరిపోల్చాలి. ఒక ఎంట్రీ పైన ఉంటుంది, దానికి సరిపోయే రిటర్న్ ఇరవై ఎంట్రీల కింద ఉంటుంది. రెండూ ఒకేసారి కంటికి ఆనితేనే తేడా పట్టుకోగలం. వరసలు లావైతే ఒకటి కనబడినప్పుడు ఇంకొకటి కనబడదు. అంకె గుర్తుపెట్టుకుని కిందికి జరిపి, మళ్లీ పైకి వచ్చి, ఈలోపు ఎవరైనా పలకరిస్తే అంతా మొదటికి. మాకు కావలసింది బటన్ కాదు, కంటికి ఆనే వరసలు.

ఇంకో సంగతి. మీరంతా టచ్, మౌస్ అంటున్నారు గానీ మేం వాడేది కీబోర్డ్. ఎంటర్ కొడితే తర్వాతి గడికి వెళ్లాలి, ఎస్కేప్ కొడితే వెనక్కి రావాలి. టచ్ కోసమని స్క్రీన్ మార్చినప్పుడల్లా టాబ్ వరస (టాబ్ కీతో గడి నుంచి గడికి వెళ్లే క్రమం) చెడగొడతారు. దయచేసి అది చూడండి.

పెద్దబటన్_పార్టీ

అనసూయ గారు చెప్పిన లెడ్జర్ స్క్రీన్ వరకు ఒప్పుకుంటాను. బిల్లు స్క్రీన్‌కి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

హెక్స్_హరి

టాబ్ వరస గురించి చాలా మంచి మాట. కొత్త టచ్ ప్యానెల్‌లో అంకెల బటన్లు పెడితే వాటికి "ఫోకసబుల్" ఫాల్స్ పెట్టాలి. లేదంటే బటన్ నొక్కగానే ఫోకస్ (టైప్ చేసింది పడే చోటు) ఆ బటన్‌కి పోతుంది, పరిమాణం గడిలో కర్సర్ మాయమవుతుంది.

సర్వీస్_సలీం

విజయవాడ చుట్టుపక్కల కౌంటర్ మెషిన్లు బాగుచేస్తాను. ఆటోమేటిక్‌ని నమ్ముకుంటే ఏమవుతుందో నా వైపు నుంచి చెప్తాను.

పాత టచ్ స్క్రీన్లు చాలావరకు రెసిస్టివ్. కొన్ని సీరియల్ కేబుల్ మీద, కొన్ని యూఎస్‌బీ మీద ఉంటాయి. వాటి డ్రైవర్ విండోస్‌కి "నేను మౌస్‌ని" అని చెప్పుకుంటుంది. వేలు పెట్టిన చోటికి కర్సర్ వచ్చి క్లిక్ పడుతుంది, అంతే. విండోస్ దృష్టిలో అక్కడ టచ్చే లేదు. మీ యాప్ "ఎన్ని వేళ్లు గుర్తిస్తావు" అని అడిగితే సున్నా వస్తుంది. అంటే టచ్ తప్ప వేరే దారిలేని కౌంటర్లో మీ ఆటోమేటిక్ మౌస్ మోడ్ పెడుతుంది, టచ్ ముట్టుకోని ఓనర్ లాప్‌టాప్‌లో టచ్ మోడ్ పెడుతుంది. సరిగ్గా తలకిందులు. అందుకే చేత్తో మార్చే సెట్టింగ్ ఉండి తీరాలి. అది లాగిన్ అవ్వకముందే అందుబాటులో ఉండాలి, ఎందుకంటే లాగిన్ స్క్రీన్‌లో పాస్‌వర్డ్ కొట్టడానికే జనం తిప్పలు పడుతుంటారు.

కస్టమర్ వైపు రెండో స్క్రీన్ పెట్టినప్పుడు ఇంకోటి జరుగుతుంది. ఇక్కడ నొక్కితే క్లిక్ అక్కడ పడుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పని మీకు ఫోన్ వస్తుంది. అది మీది కాదు. టచ్ ఏ మానిటర్‌దో విండోస్‌కి చెప్పాలి. కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌కి వెళ్లి సెటప్ నొక్కితే ఒక్కో స్క్రీన్ మీద ముట్టుకోమని అడుగుతుంది, అది పూర్తి చేస్తే చాలు.

బైట్_బాబాయ్

సలీం భాయ్ పోస్ట్‌ని పైన అతికించి పెట్టండి ఎవరైనా.

ఫార్మసీ_పద్మ

సలీం గారూ, మా ఆసుపత్రి మందుల కౌంటర్లో పాత స్క్రీన్ తీసి ఫోన్ లాంటి కొత్త స్క్రీన్ పెట్టారు. గ్లవ్స్ వేసుకుంటే పనిచేయట్లేదు. పాతదానికి ఆ బాధ లేదు. సెట్టింగ్‌లో ఏమైనా ఉంటుందా?

సర్వీస్_సలీం

పద్మ గారూ, రెసిస్టివ్ స్క్రీన్ ఒత్తిడి మీద పనిచేస్తుంది. గ్లవ్స్, పెన్ను మూత, గోరు, ఏదైనా సరే. కొత్తది కెపాసిటివ్, దానికి విద్యుత్తు ప్రసరించే వేలు కావాలి. మందపాటి గ్లవ్స్ అయితే గుర్తించదు. కొన్ని ప్యానెళ్ల కంట్రోలర్‌లో గ్లవ్ మోడ్ ఉంటుంది, అది మెషిన్‌తో వచ్చిన యుటిలిటీలో చూడాలి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో దానికి మందు లేదు. తడి చేతుల సంగతి ఉల్టా. కెపాసిటివ్ మీద నీటి చుక్క పడితే దాన్నే వేలనుకోవచ్చు.

యూఎక్స్_మాధవి

అందుకే పొరపాటైతే నష్టం తెచ్చే పనులకి, అంటే బిల్లు రద్దు, డబ్బుల డ్రాయర్ తెరవడం లాంటి వాటికి ఒక్క ముట్టుకోలు సరిపోకూడదు. నెయ్యి చేతులు, తడి చేతులు ఉన్నచోట "ప్రింట్" పక్కనే "రద్దు" పెట్టడం అన్యాయం. టచ్ సైజు ఎంచుకుంటే బటన్లు పెద్దవైతే సరిపోదు, ఆ రెండూ దూరం జరగాలి.

క్యూటీ_వెంకట్

డబ్ల్యూపీఎఫ్ నాకు తెలీదు, మేం క్యూటీలో (యాప్‌లు రాసే ఇంకో టూల్‌కిట్) రాస్తాం. అక్కడ కూడా మాధవి గారు చెప్పిన విభజనే నడుస్తుంది. క్యూస్క్రోలర్‌ని (తోస్తే స్క్రోల్ చేయించేది) ఒక విడ్జెట్‌కి, అంటే స్క్రీన్ భాగానికి కట్టేటప్పుడు ఏ సంజ్ఞకి స్పందించాలో చెప్పాలి. "టచ్‌జెశ్చర్" అంటే వేలికి మాత్రమే. "లెఫ్ట్‌మౌస్‌బటన్‌జెశ్చర్" అంటే మౌస్‌తో లాగినా జరుగుతుంది. రెండోది పెడితే మౌస్ వాళ్లు టేబుల్‌లో లాగి సెలెక్ట్ చేసుకునే దారి పోతుంది. సలీం భాయ్ చెప్పిన మౌస్ వేషం స్క్రీన్లకి మాత్రం రెండోదే దిక్కు. కాబట్టి అది సెట్టింగ్ మీద ఆధారపడాలి.

క్యూటీ 6లో ప్రతి పాయింటర్ ఈవెంట్ వెంట అది ఏ పరికరం నుంచి వచ్చిందో వివరం వస్తుంది. టచ్‌ని ఎవరూ తీసుకోకపోతే దాన్ని మౌస్ ఈవెంట్‌గా మార్చి పంపడం డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అది గుర్తుంచుకోండి. వేలి ఈవెంట్ మౌస్ వేషంలో రావడం అన్ని టూల్‌కిట్లలోనూ ఉన్నదే.

హెక్స్_హరి

డబ్ల్యూపీఎఫ్‌లో దాన్ని పట్టుకునే దారి: మౌస్ ఈవెంట్ ఆర్గ్యుమెంట్లలో "స్టైలస్‌డివైస్" చూడండి. అది నల్ (ఖాళీ) అయితే నిజమైన మౌస్. నల్ కాకపోతే వేలో పెన్నో, మౌస్‌గా మారి వచ్చింది. టాబ్లెట్‌డివైస్ టైప్ చూస్తే వేలా పెన్నా అన్నది కూడా తెలుస్తుంది.

దీని అవసరం ఎక్కడ వస్తుందంటే, వేలితో బటన్ నొక్కి తీశాక ఆ బటన్ మీద హోవర్ రంగు (కర్సర్ పైన ఉన్నప్పుడు వచ్చే రంగు) అలాగే ఉండిపోతుంది. కర్సర్ కనబడకపోయినా విండోస్ లెక్కలో అది అక్కడే ఉంది. కౌంటర్ వాళ్లు ఆ రంగు చూసి బటన్ ఇంకా నొక్కి ఉందనుకుంటారు. చివరి ఈవెంట్ వేలిదైతే హోవర్ స్టైల్ వర్తించకుండా చేయండి.

వెబ్_వినీత్

ఎలక్ట్రాన్‌లో (వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ యాప్‌లు రాసే టూల్‌కిట్) రాసేవాళ్లకి ఇందులో కొంత పని సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు రాసే భాష) చేసిపెడుతుంది. "పాయింటర్: కోర్స్" అంటే ముఖ్యమైన పరికరం వేలు లాంటిదా అని అడగడం. "ఎనీ-పాయింటర్: కోర్స్" అంటే ఉన్నవాటిలో ఏదైనా వేలు లాంటిదా అని అడగడం. ఓనర్ గారి లాప్‌టాప్ మామూలుగా మొదటిదానికి కాదని, రెండోదానికి అవునని చెబుతుంది. సైజు పెంచడానికి మొదటిది చూడండి. వేలికి కూడా కాస్త చోటివ్వాలి అనుకుంటే రెండోది. "హోవర్: నన్" కూడా ఉంది, టూల్‌టిప్‌లో మాత్రమే ఉన్న సమాచారాన్ని బయటకి తీయాలా అన్నది దాన్ని బట్టి చూసుకోవచ్చు.

బైట్_బాబాయ్

వినీత్, సలీం భాయ్ రెసిస్టివ్ స్క్రీన్ మీద అది ఏం చెబుతుంది?

వెబ్_వినీత్

మౌస్ అనే చెబుతుంది. అక్కడ చేత్తో మార్చే సెట్టింగే గతి, కాదనను.

పెంగ్విన్_లక్ష్మి

లైనక్స్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు ఇదే చేశారు. 2022 జూన్‌లో వచ్చిన వాళ్ల డెస్క్‌టాప్ ప్లాస్మా 5.25లో టచ్ మోడ్‌కి మూడు ఎంపికలు ఇచ్చారు: అవసరమైనప్పుడు దానంతట అదే, ఎప్పుడూ, ఎప్పుడూ వద్దు. ఫైర్‌ఫాక్స్‌లోనూ టూల్‌బార్ డెన్సిటీలో "టచ్" విడిగా ఉంది, విండోస్‌లో టాబ్లెట్ మోడ్‌కి మారినప్పుడు అదే రావాలా అని ఒక టిక్కు ఉండేది. మూడు ఎంపికల దారే నాకు సరైనదనిపిస్తుంది. రెండే ఉంటే సలీం గారి కౌంటరో, ఓనర్ గారి లాప్‌టాపో, ఎవరో ఒకరు బలి.

యూఎక్స్_మాధవి

లక్ష్మి గారూ, "దానంతట అదే" అన్నది ఎప్పుడు మారాలి అన్నదే నా భయం. ప్రతి ఈవెంట్‌కీ సైజు మార్చే యాప్ ఒకటి చూశాను. స్క్రీన్ మీద వేలు పెట్టగానే వరసలన్నీ పెరిగాయి, నేను నొక్కబోయిన వరస కిందికి జారిపోయింది, వేలు పడింది పక్కవాడి పేరు మీద. డబ్బు లెక్కల్లో అది ఘోరం. సైజు మార్పు యాప్ మొదలైనప్పుడో, కీబోర్డ్ ఊడదీసినప్పుడో, మనిషి స్వయంగా అడిగినప్పుడో మాత్రమే జరగాలి. విండోస్ 10 టాబ్లెట్ మోడ్‌లో "మారే ముందు నన్ను అడుగు" అనే ఎంపిక ఉండేది, ఆ మర్యాద నాకు నచ్చింది. విండోస్ 11లో ఆ మోడ్‌నే తీసేశారు.

కొత్తగా అప్పుడే తెరుచుకునే వాటికి మాత్రం అప్పటికప్పుడు నిర్ణయించుకోవచ్చు. విన్‌యూఐలో (మైక్రోసాఫ్ట్ కొత్త టూల్‌కిట్) మెనూఫ్లైఅవుట్ అనే మెనూ ఇదే చేస్తుంది. మౌస్‌తో తెరిస్తే ఐటమ్‌లు దగ్గరగా, వేలితో తెరిస్తే ఎడంగా వస్తాయి. మెనూ ఇంకా తెరుచుకోలేదు కాబట్టి ఎవరి వేలి కిందా ఏమీ జరగదు.

రవళి_డబ్ల్యూపీఎఫ్

మెనూ మాట వచ్చింది కాబట్టి: ఓనర్ గారి లాప్‌టాప్‌లో మా మెనూలన్నీ ఎడమ వైపుకి తెరుచుకుంటున్నాయి. మిగతా మెషిన్లలో కుడికే. ఇది కూడా టచ్ గొడవేనా?

హెక్స్_హరి

అవును. టచ్ ఉన్న మెషిన్లలో కుడిచేతి వాటం వాళ్లకి మెనూ చేతి కింద దాగకూడదని ఎడమకి తెరుస్తుంది. టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్‌లోనే "అదర్" టాబ్‌లో చేతివాటం మార్చే చోటుంది. కోడ్‌లో అయితే "సిస్టమ్‌పారామీటర్స్.మెనూడ్రాప్‌అలైన్‌మెంట్" చదివి చూడండి, ట్రూ వస్తుంది. ఆయన మౌసే వాడతారు కాబట్టి సెట్టింగ్‌లో ఎడమచేతి వాటం అని పెట్టేస్తే చాలు.

ఎడమచేతి_ఏకాంబరం

నేను నిజంగానే ఎడమచేతి వాటం. నాలాంటి వాళ్లకి ఇలా ఒక సెట్టింగ్ ఉందని ఈరోజే తెలిసింది. కౌంటర్ సాఫ్ట్‌వేర్లలో అంకెల ప్యానెల్ ఎప్పుడూ కుడివైపే ఉంటుంది, నొక్కేటప్పుడు నా చెయ్యి బిల్లు మొత్తాన్ని కప్పేస్తుంది. రవళి గారూ, ఆ ప్యానెల్‌ని అటూ ఇటూ మార్చుకునే వీలు ఇస్తే మీ పేరు చెప్పుకుంటాను.

రవళి_డబ్ల్యూపీఎఫ్

ఏకాంబరం గారూ, రాసిపెట్టుకున్నాను. అది యూజర్ వెంట వెళ్లాల్సిన సెట్టింగ్, మెషిన్ వెంట కాదు.

డల్లాస్_కిరణ్

"పెద్దది" అంటే ఎంత అన్నది ఎవరూ అనలేదు. మా కంట్రోల్ సెట్‌లో టచ్ అంటే అన్నిటినీ ఒకే గుణకంతో పెంచడమే. అది సరిపోదు. లెక్క మిల్లీమీటర్లలో వేయాలి, ఎందుకంటే వేలు పిక్సెళ్లలో ఉండదు.

రవళి గారి కౌంటర్ 15 అంగుళాలు అన్నారు. 1024 × 768 అనుకుంటే అంగుళానికి సుమారు 85 పిక్సెళ్లు. అక్కడ 40 పిక్సెళ్ల బటన్ దాదాపు 12 మిల్లీమీటర్లు, హాయిగా ఉంటుంది. అదే 40 పిక్సెళ్లు 14 అంగుళాల 1920 × 1080 లాప్‌టాప్ మీద, స్కేలింగ్ 100 శాతంలో, ఆరున్నర మిల్లీమీటర్లే. ఒక మెషిన్‌లో సరిపోయిన సైజు ఇంకోదాంట్లో చాలదు. ఆండ్రాయిడ్ 48 డీపీ (స్క్రీన్ సాంద్రత మారినా సైజు మారకుండా వాడే యూనిట్) అంటుంది, అది దాదాపు 9 మిల్లీమీటర్లని వాళ్ల లెక్క. ఆపిల్ 44 పాయింట్లు. వెబ్ వైపు 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (అందరూ వాడగలిగేలా వెబ్‌సైట్లకి పెట్టిన ప్రమాణం) ఏఏ స్థాయికి కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెళ్లు అడుగుతుంది. అది కనీసం మాత్రమే, నిలబడి హడావిడిగా కొట్టే కౌంటర్‌కి సరిపోదు. నేను 9 మిల్లీమీటర్లు కింద హద్దుగా పెట్టుకుంటాను.

అన్నట్టు, డబ్ల్యూపీఎఫ్ యూనిట్ అంగుళంలో 96వ వంతు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ అది స్కేలింగ్ సెట్టింగ్ లెక్క, స్కేలుతో కొలిచే అంగుళం కాదు. నమ్ముకోకండి.

పెద్దబటన్_పార్టీ

కిరణ్ గారి లెక్క చూశాక చెప్తున్నా, కంటికి కనిపించే సైజు పెంచకుండానే ముట్టుకునే చోటు పెంచొచ్చు. చిన్న ఐకాన్ చుట్టూ ప్యాడింగ్ ఇచ్చి, బ్యాక్‌గ్రౌండ్‌ని "ట్రాన్స్‌పరెంట్" చేయండి. బ్యాక్‌గ్రౌండ్ ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే ఆ ఖాళీ మీద వేలు పడినా డబ్ల్యూపీఎఫ్ లెక్కచేయదు, ట్రాన్స్‌పరెంట్ అంటేనే లెక్కచేస్తుంది. టూల్‌బార్‌లో ఇది బాగా పనికొస్తుంది. అనసూయ గారి లెడ్జర్ వరసల్లో పనికిరాదు, అక్కడ వరసల మధ్య ఖాళీయే ఉండదు.

వత్తు_తెగిన_బటన్

తెలుగు లేబుళ్లు పెట్టేవాళ్లు ఎవరూ లేరా ఇక్కడ? మా యాప్ మొత్తం తెలుగులో ఉంటుంది. మౌస్ సైజులో వరస ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేలా బిగించేస్తారు. "లక్ష్మి", "ఉత్పత్తి", "స్త్రీ" లాంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. "మొత్తం" అన్న బటన్ మీద కింది త కనబడక "మొతం" అయింది. టచ్ సైజు పెడితే అది సరిపోతుంది. అందుకని మా వాళ్లు మౌస్ ఉన్నా టచ్ మోడ్ పెట్టుకుని కూర్చున్నారు. వేలి కోసం కాదు, వత్తు కోసం.

కాబట్టి వరస ఎత్తుని మారని గట్టి అంకెగా ఇవ్వకండి. ఫాంట్ లైన్ ఎత్తుకి ప్యాడింగ్ కలిపి రానివ్వండి. విండోస్ తెలుగు ఫాంట్లు నిర్మలా యూఐకీ గౌతమికీ లైన్ ఎత్తులోనే తేడా ఉంది, ఫాంట్ మారితే గట్టి అంకె మళ్లీ ఇబ్బంది పెడుతుంది.

అకౌంట్స్_అనసూయ

వత్తు తెగడం నిజం. సరఫరాదారుల పేర్లలో నాకు రోజూ కనబడేదే. నాకు దగ్గరి వరసలు కావాలి, అయినా పేరు చదవగలిగేంత ఎత్తు ఉండాలి. రెండూ కుదరవా?

వత్తు_తెగిన_బటన్

కుదురుతాయి మేడమ్. పైనా కిందా ప్యాడింగ్ ఒకటి రెండు పిక్సెళ్లకి తగ్గించి, లైన్ ఎత్తు మాత్రం ఫాంట్ అడిగినంత ఇస్తే సరి. ఇంగ్లిష్ గ్రిడ్ కంటే కొన్ని వరసలు తగ్గుతాయి, టచ్ మోడ్ అంత లావు కాదు.

రవళి_డబ్ల్యూపీఎఫ్

అందరివీ కలిపి ఇలా అనుకుంటున్నాను. సైజు మెషిన్‌ది. మూడు ఎంపికలు, లాగిన్ స్క్రీన్ మీదే మార్చుకోవచ్చు, ఇన్‌స్టాల్ చేసేవాళ్లే పెట్టేస్తారు. "దానంతట అదే" యాప్ మొదలైనప్పుడు మాత్రమే చూస్తుంది. ప్రవర్తనకి టిక్కు ఉండదు, ఈవెంట్‌ని బట్టే. మౌస్ వేషం వేసే స్క్రీన్లకి "ఇది నిజానికి టచ్" అని సైజు పక్కనే ఇంకో ఎంపిక. లెడ్జర్, స్టాక్ గ్రిడ్లకి వరస ఎత్తు విడిగా, అది యూజర్‌ది. అంకెల ప్యానెల్ ఎటువైపు అన్నదీ యూజర్‌దే.

ఒకటే అనుమానం మిగిలింది. మెషిన్ సెట్టింగ్‌ని ఎక్కడ దాచాలి? కౌంటర్ లాగిన్లకి అడ్మిన్ హక్కులు ఉండవు.

హెక్స్_హరి

ప్రోగ్రామ్‌డేటా (విండోస్‌లో యూజర్లందరికీ ఉమ్మడి ఫోల్డర్) కింద మీ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్. ఇన్‌స్టాలర్ నడిచేటప్పుడే ఆ ఫోల్డర్‌కి మామూలు యూజర్లు రాయగలిగే హక్కు ఇచ్చేయండి. రిజిస్ట్రీలో హెచ్‌కేఎల్ఎం (మెషిన్ మొత్తానికి వర్తించే సెట్టింగ్‌ల చోటు) కింద పెడితే మార్చడానికి మామూలుగా అడ్మిన్ హక్కులు కావాలి.

సర్వీస్_సలీం

ఆ ఫైల్ బ్యాకప్‌లో కలవకుండా చూడండి. కౌంటర్ బ్యాకప్ తీసుకెళ్లి అకౌంట్స్ మెషిన్లో రీస్టోర్ చేస్తే సైజు కూడా వెంట వస్తుంది, మళ్లీ మొదటికి.

రవళి_డబ్ల్యూపీఎఫ్

మంచి మాట. డేటాబేస్ బ్యాకప్ విడి, ఈ ఫైల్ విడి. ముందు ఒక షాపులో పెట్టి, ఐటమ్ రెండుసార్లు పడటం ఆగిందో లేదో ఇక్కడే రాస్తాను.